మూలకములకు వర్ణమాల కూర్చిన మెండలీఫ్

మన పాఠశాల గోడలమీద రెండు పటములు ఎదురెదురుగా వ్రేలాడుచున్నవి. ఒకటి తెలుగు వర్ణమాల. రెండవది మూలకముల ఆవర్తన పట్టిక. మొదటిదానిని నేను బోధింతును. రెండవదానిని రసాయనశాస్త్రోపాధ్యాయులు బోధింతురు. ఈ రెండు పటములకును సంబంధమేమని చిన్న తరగతుల పిల్లలు అడుగవచ్చును. సంబంధము కలదు. నేను తెలుగు పంతులనయ్యును ఒక రసాయన శాస్త్రవేత్త జీవితమును వ్రాయ పూనుకొనుటకు ఆ సంబంధమే కారణము. రెండవ పటమును కూర్చిన మహనీయుడు రష్యా దేశీయుడైన మెండలీఫ్.

దిమిత్రి ఇవానొవిచ్ మెండలీఫ్ 1834వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన సైబీరియాలోని టొబొల్స్క్ పట్టణమున జన్మించెను. సైబీరియా దీర్ఘమైన శీతకాలము గల నేల; ఆ కాలమున రాజదండనకు గురియైనవారిని ప్రవాసము పంపెడి చోటు. తండ్రి ఇవాన్ అచ్చటి ఉన్నత పాఠశాలకు అధికారి. తల్లి పేరు మరియా. పెక్కుమంది బిడ్డలలో దిమిత్రి కడగొట్టువాడు. అతడు పుట్టిన ఏడే తండ్రికి చూపు పోయెను. చూపుతోపాటు ఉద్యోగమును పోయెను. స్వల్పమైన పింఛనుతో అంతటి సంసారము గడచుట దుర్ఘటమయ్యెను.

అప్పుడు తల్లి ఆ భారమును తలకెత్తుకొనెను. పట్టణమునకు దూరముగా ఒక పల్లెలో ఆమె సోదరునికి చెందిన గాజు కర్మాగారము కలదు. ఆమె దానిని చేపట్టి, పనివారిని కూర్చుకొని, లెక్కలు తానే చూచుకొనుచు నడిపెను. దిమిత్రి కొలిమిలో ఇసుక కరగి గాజగుట చూచుచు పెరిగెను. ఇసుకయందు సిలికాన్ అను మూలకము కలదు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. దానితో ముందు పని కలదు.

బడిలో దిమిత్రికి గణితమును ప్రకృతి శాస్త్రములును ఇష్టము. లాటిన్ భాష మాత్రము కొరుకుడు పడలేదు. 1847లో తండ్రి మరణించెను. మరుసటి ఏడు గాజు కర్మాగారము అగ్నికి ఆహుతియయ్యెను. ఇక ఆ ఇల్లాలికి మిగిలినది ఏమి? కొడుకు చదువు ఒక్కటే. కూడబెట్టిన కొద్ది పైకమును మూటగట్టుకొని, 1849లో ఆమె పదునైదేండ్ల కుమారుని వెంటబెట్టుకొని మాస్కోకు బయలుదేరెను. రెండువేల కిలోమీటర్లకు మించిన దూరము. ఆ దారిని రైలు లేదు. గుఱ్ఱపు బండ్లమీద సాగిన ప్రయాణమది.

తీరా పోయిన పిమ్మట మాస్కో విశ్వవిద్యాలయము అతనిని చేర్చుకొనలేదు. సైబీరియా విద్యార్థులు కజాన్ విద్యామండలమునకు చెందినవారనియు, వారికి మాస్కోలో ప్రవేశము లేదనియు నిబంధన యుండెను. తెలివి చాలక కాదు, పుట్టిన ప్రాంతము వేరగుటచే ఆ ద్వారము మూతపడెను. అయినను తల్లి వెనుదిరుగలేదు. కుమారునితో సెయింట్ పీటర్స్‌బర్గు నగరమునకు పోయెను. ఒకప్పుడు తండ్రి చదివిన ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో 1850లో అతనికి చోటు లభించెను. కొడుకు తరగతిలో కూర్చుండుట చూచిన కొద్ది వారములకే ఆ తల్లి కన్నుమూసెను. ముప్పదియేడు సంవత్సరముల తరువాత, 1887లో, మెండలీఫ్ ద్రావణములను గూర్చి తాను వ్రాసిన గ్రంథమును ఆమెకు అంకితమొసగెను.

దిక్కులేని విద్యార్థి పట్టుదలతో చదివి, 1855లో బంగారు పతకముతో పట్టభద్రుడయ్యెను. అప్పటికే ఆరోగ్యము చెడియుండెను. వైద్యులు క్షయయని శంకించిరి. వెచ్చని గాలికై అతనిని దక్షిణమున క్రిమియాలోని సింఫెరోపోల్ పాఠశాలకు ఉపాధ్యాయునిగా పంపిరి. అచ్చట యుద్ధము జరుగుచుండుటచే బడియే మూతపడియుండెను. ఒడెస్సా పట్టణమున కొంతకాలము బోధించి, ఆరోగ్యము కుదుటపడగా రాజధానికి తిరిగి వచ్చెను. 1859లో పైచదువులకు జర్మనీలోని హైడెల్‌బర్గు చేరెను. 1860 సెప్టెంబరులో కార్ల్స్‌రూహె నగరమున జరిగిన రసాయనశాస్త్రజ్ఞుల మహాసభకు హాజరయ్యెను. అంతవరకు ఒకే మూలకమునకు ఒక్కొక్కరు ఒక్కొక్క పరమాణు భారము చెప్పుచుండిరి. ఇటలీ దేశీయుడగు కన్నిజారో ఆ గందరగోళమును తీర్చు మార్గమును ఆ సభలో చూపెను. సరియైన తూకపురాళ్లు లేనిదే తూనిక లేదు కదా! మెండలీఫ్ భావికృషికి ఆ తూకపురాళ్లు అక్కడ దొరకినవి.

1867లో ఆయన సెయింట్ పీటర్స్‌బర్గు విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రాచార్యుడయ్యెను. తన విద్యార్థులకు తగిన పాఠ్యగ్రంథము రష్యన్ భాషలో లేకపోవుట ఆయనకు పెద్ద కొరతగా తోచెను. శాస్త్ర విషయములకు జర్మన్, ఫ్రెంచి, ఆంగ్ల భాషలే తగినవని పండితులు తలచెడి కాలమది. మెండలీఫ్ తన విద్యార్థుల భాషలోనే గ్రంథరచనకు కూర్చుండెను. రసాయనశాస్త్ర మూలసూత్రములను వివరించు ఆ గ్రంథపు మొదటి సంపుటము ముగియుసరికి ఎనిమిది మూలకములను గూర్చి మాత్రమే విపులముగ వ్రాయబడెను. అప్పటికి తెలిసిన మూలకములు 63. మిగిలిన యేబదియైదింటిని రెండవ సంపుటమున ఏ వరుసలో చెప్పవలెను?

నేను పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండగా, పాఠమునకు వరుస కుదుర్చుటయే ఉపాధ్యాయుని మొదటి పని యని మాకు నేర్పిరి. నాడు అది నాకు చిన్న విషయముగ తోచెను. ప్రపంచ శాస్త్ర చరిత్రలోని ఒక మహానియమము పాఠము వరుస కుదుర్చుటలోనే పుట్టినదని తరువాత తెలిసికొంటిని.

మూలకములకు వరుస వెదకినవారు అంతకు ముందును కలరు. లండనులో న్యూలాండ్స్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మూలకములను పరమాణు భారముల క్రమమున పేర్చగా, ప్రతి ఎనిమిదవ మూలకము మొదటిదానిని పోలియున్నట్లు 1865లో గమనించెను. స, రి, గ, మ, ప, ద, ని పాడిన పిమ్మట మరల షడ్జము వచ్చినట్లు! ఆయన సంగీతముతో పోల్చుటను సభలో పరిహసించిరి. మూలకములను అక్షరక్రమమున పేర్చి చూచితివా యని ఒకరు వెక్కిరించిరట. అయితే న్యూలాండ్స్ వరుసలో నిజముగా లోపము లుండెను. బరువైన మూలకముల కడకు వచ్చుసరికి పోలిక చెడిపోవుచుండెను.

1869 మార్చి 1వ తేదీన మెండలీఫ్ జున్ను తయారుచేయు శాలలను చూడబోవలసి యుండెను. ఆ విషయమై వచ్చిన ఒక లేఖ వెనుకవైపుననే మూలకముల పరమాణు భారములను వ్రాసి పోల్చి చూచుట ఆరంభించెను. ఒక్కొక్క మూలకమును ఒక్కొక్క చీటిపై వ్రాసి, పేకముక్కలవలె పేర్చి చూచెనని చెప్పుదురు. లిథియము, సోడియము, పొటాషియము ఒక కుటుంబము. మూడును కత్తికి తెగు మెత్తని లోహములు. నీటిలో వేసినచో లిథియము బుసబుసలాడును, సోడియము కరగి పరుగెత్తును, పొటాషియము మంటయే పుట్టించును. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ వేరొక కుటుంబము. ఒక్కొక్క కుటుంబమును ఒక్కొక్క వరుసగా ఉంచి, పరమాణు భారములు క్రమముగ పెరుగునట్లు పేర్చగా, గుణములు కొంత దూరమునకు మరల మరల తిరిగివచ్చుట స్పష్టమయ్యెను. ఇదియే ఆవర్తన నియమము. ఆ నెలలోనే రష్యన్ రసాయన సమాజమున ఆయన మిత్రుడు మెన్షుట్కిన్ ఆ వ్యాసమును చదివెను. జర్మనీలో లోథర్ మేయర్ కూడ స్వతంత్రముగా ఇట్టి పట్టికనే రూపొందించుచుండెను.

అయినచో మెండలీఫునకే అధిక కీర్తి ఏల కలిగెను? ఆయన చూపిన ధైర్యముచే కలిగెను. క్రమమునకు లొంగని చోట ఆయన రెండు సాహసములు చేసెను. మొదటిది, అంగీకరింపబడిన పరమాణు భారములనే తప్పుపట్టుట. బెరీలియము భారము సుమారు 14 అని పలువురు తలచుచుండగా, అది 9 కావలెనని ఆయన వాదించెను. యురేనియము భారము 120 కాదు, దానికి ఇబ్బడి యని చెప్పెను. రెండును నిజమయ్యెను. రెండవ సాహసము మరింత గొప్పది. తగిన మూలకము లేని చోట, దరిదాపులనున్న మరియొకదానిని తెచ్చి ఇరికింపక, గడిని ఖాళీగ విడిచిపెట్టెను. అచ్చట ఉండవలసినది ఇంకను ఎవరికిని దొరకలేదని ప్రకటించెను. అంతటితో ఆగక, 1871లో మూడు ఖాళీ గడులలోని అజ్ఞాత మూలకముల గుణములను విపులముగ వర్ణించెను.

కంట పడని వస్తువును వర్ణించుట ఎట్లు? ఇచ్చటనే మన వర్ణమాల పటమువైపు తిరుగవలెను. క నుండి మ వరకుగల ఇరువదియైదు అక్షరములు ఐదు వర్గములుగా నున్నవి. అడ్డవరుస చూచినచో పుట్టు స్థానము తెలియును: కవర్గము కంఠమున, చవర్గము తాలువున, పవర్గము పెదవులయందు పుట్టును. నిలువువరుస చూచినచో పలుకు విధము తెలియును: మొదటిది పరుషము, మూడవది సరళము, ఐదవది అనునాసికము. ఇప్పుడు కవర్గమున చివరి గడిలోని ఙ అక్షరమును చేతితో కప్పుడు. తెలుగు మాటలలో అది విడిగా కానరాదు. అయినను దాని గుణములను మీరు చెప్పగలరు. అడ్డవరుసను బట్టి అది కంఠమున పుట్టవలెను. నిలువువరుసను బట్టి ముక్కుతో పలుకవలెను. గడి ఖాళీగ నున్నను గడి యొక్క చుట్టుప్రక్కలు దాని సంగతి చెప్పును. మెండలీఫ్ చేసినది ఇదియే. ఆంగ్లమున ఏ, బి, సి అక్షరముల వరుసకు ఉచ్చారణతో పనిలేదు కనుక లండనులో అక్షరక్రమము పరిహాసమునకు తగిన మాటయయ్యెను. మన అక్షరక్రమము అట్టిది కాదు. మన కన్నడ మిత్రులును ఇవే వర్గములను చదువుకొందురు.

మరియొక వింత. ఆ అజ్ఞాత మూలకములకు మెండలీఫ్ పెట్టిన తాత్కాలిక నామములు ఏక-బోరాన్, ఏక-అల్యూమినియము, ఏక-సిలికాన్. ఏక, ద్వి, త్రి యను సంస్కృత సంఖ్యలనే ఆయన గ్రహించెను. సిలికాన్ తరువాత ఒక మెట్టు దిగువ నుండవలసినది ఏక-సిలికాన్ అని భావము. పాణిని వ్యాకరణమును జర్మనీలో ప్రకటించిన సంస్కృత విద్వాంసుడు బోట్లింక్ ఆ కాలమున సెయింట్ పీటర్స్‌బర్గులోనే పనిచేసెను. మన వర్ణమాల కూర్పు మెండలీఫ్ మనస్సునందు మెదలినదేమో యని కొందరు పండితుల ఊహ. అది ఊహయే గాని రుజువైన విషయము కాదు. సంస్కృత నామములు మాత్రము ఆయన వ్రాతలలో నిలిచియున్న సత్యము.

జోస్యము చెప్పుట సులభము, ఫలించుట కష్టము. 1875లో ఫ్రాన్సులో లకాక్ ద బువాబోద్రాన్ ఒక క్రొత్త లోహమును కనుగొని గాలియమని పేరిడెను. అది ఏక-అల్యూమినియమే యని మెండలీఫ్ గుర్తించెను. కాని కనుగొన్నవారు సాంద్రత 4.7 అని ప్రకటించిరి. మెండలీఫ్ పట్టిక ప్రకారము అది 5.9 ఉండవలెను. లోహమును కన్నులారా చూడని వ్యక్తి, దానిని చేతబట్టినవాని కొలత తప్పని ఉత్తరము వ్రాసెను. లోహమును మరల శుద్ధిచేసి తూచగా 5.9 వచ్చెను! 1879లో స్వీడను దేశీయుడు నిల్సన్ కనుగొన్న స్కాండియము ఏక-బోరాన్ స్థానమున అమరెను. 1886లో జర్మనీలో వింక్లర్ జెర్మేనియమును కనుగొనెను. ఏక-సిలికాన్ పరమాణు భారము 72, సాంద్రత 5.5 అని మెండలీఫ్ చెప్పియుండగా, జెర్మేనియము భారము 72.6, సాంద్రత 5.32 అని నేడు తెలియుచున్నది. పదునైదేండ్ల క్రిందట విడిచిన ఖాళీ గడులు మూడును నిండెను.

ఆయన చెప్పినదెల్ల నిజమైనదని చెప్పుట న్యాయము కాదు. ఇచ్చట మన తెలుగు నేలకు సంబంధించిన ఒక సంగతి కలదు. 1868 ఆగస్టు 18వ తేదీన, అనగా మెండలీఫ్ తన పాఠ్యగ్రంథము వ్రాయుచుండిన దినములలో, సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. మద్రాసు నక్షత్రశాలాధికారి పాగ్సన్ మచిలీపట్నమున నుండెను. సూర్యుని అంచున లేచు జ్వాలల వర్ణపటమున ఒక పసుపు రేఖ ఆ పరిశీలనలందు కనబడెను. అది భూమిపై తెలిసిన ఏ మూలకమునకును చెందినది కాదని ఇంగ్లండులో లాకియర్ ఊహించెను. సూర్యుని గ్రీకు నామమునుబట్టి దానికి హీలియమని పేరు వచ్చెను. 1895లో రాంసే దానిని భూమిపైనే ఒక ఖనిజమునుండి రాబట్టెను. అంతకు మునుపటి ఏడు ఆర్గాన్ వాయువును దొరకెను. వీనికి పట్టికలో ఖాళీ గడియైనను లేదు! మెండలీఫ్ తొలుత ఆర్గాన్ మూలకమే కాదని శంకించెను. అటుపిమ్మట నిజము గ్రహించి, జడవాయువులకు సున్న గ్రూపు అను క్రొత్త వరుసను తన పట్టికలో చేర్చుకొనెను. ఎలక్ట్రాను సిద్ధాంతమును మాత్రము ఆయన తుదివరకు మనసార నమ్మలేదు.

కాని ఆయన పట్టికకు కారణము చూపినది ఆ ఎలక్ట్రానే. టెల్లూరియము భారము 127.6, అయొడిన్ భారము 126.9. భారక్రమమున అయొడిన్ ముందు రావలెను. మెండలీఫ్ గుణములను బట్టి దానిని వెనుకకు ఉంచి, టెల్లూరియము తూనికలో పొరపాటున్నదనెను. తూనిక సరియైనదే; కొలబద్దయే మారవలసి యుండెను. 1913లో మోస్లే అను ఆంగ్ల యువకుడు మూలకముల అసలు వరుస పరమాణు సంఖ్యను, అనగా కేంద్రకమునందలి ధనావేశమును, అనుసరించునని ఎక్స్ కిరణములతో చూపెను. రెండేండ్లకే అతడు యుద్ధరంగమున ఇరువదియేడేండ్ల వయస్సున మరణించెను.

పదవ తరగతి విద్యార్థులు కంఠస్థము చేయు ధర్మములు ఈ సూత్రమునుండియే పుట్టును. ఒక పీరియడులో ఎడమనుండి కుడికి పోవుకొలది కేంద్రకావేశము పెరుగును. ఎలక్ట్రానులు అదే కక్ష్యలో చేరుచుండును. కేంద్రకము వానిని మరింత బిగువుగ లాగుటచే పరమాణువు చిన్నదగును. సోడియము వ్యాసార్ధము 186 పికోమీటర్లు కాగా, క్లోరిన్‌కు 99 మాత్రమే. ఒక మోలు పరమాణువులనుండి ఒక్కొక్క ఎలక్ట్రానును పెరుకుటకు సోడియమునకు 496 కిలోజౌలులు చాలును. వరుస చివర ఆర్గానునకు సుమారు 1520 కావలెను. తరువాతి పీరియడు మొదట పొటాషియమున క్రొత్త కక్ష్య ఆరంభమగును. ఆ శక్తి ఒక్కమారుగ 419కి దిగును. పెరుగుట, దిగుట, మరల పెరుగుట: ఇదియే ఆవర్తనము. గ్రూపులో క్రిందికి పోవుకొలది కక్ష్యలు పెరిగి పరమాణువు పెద్దదగును. కనుకనే పొటాషియము సోడియముకంటె తేలికగా ఎలక్ట్రానును విడిచి నీటిలో మంట పుట్టించును. కారణము తెలిసినవానికి బట్టీపట్టవలసిన పని తగ్గును.

మెండలీఫ్ గదిలో కూర్చుండి కాగితములు నింపిన పండితుడు మాత్రమే కాదు. 1887 ఆగస్టులో సూర్యగ్రహణమును చూచుటకు క్లిన్ అను ఊర బెలూను సిద్ధపరచిరి. వానకు తడిసిన బెలూను ఇద్దరిని మోయలేకపోగా, నడపుట ఎరుగని ఆయన ఒంటరిగనే మేఘములపైకి ఎగసి క్షేమముగ దిగెను. 1890లో విద్యార్థులు తమ కోరికలను వ్రాసి యిచ్చిన పత్రమును స్వయముగ మంత్రికి అందజేసెను. మంత్రి దానిని త్రిప్పి పంపగా, ఆచార్య పదవికి రాజీనామా యొసగెను. పిమ్మట తూనికలు కొలతల సంస్థకు అధిపతియై, రష్యాలో మెట్రిక్ పద్ధతికి దారితీసెను. 1906లో నోబెల్ సంఘము ఆయన పేరును సూచించినను, బహుమానము ఫ్లోరినును వేరుపరచిన మువాసాన్‌కు లభించెను. 1907 ఫిబ్రవరి 2వ తేదీన మెండలీఫ్ పరమపదించెను. అంతిమయాత్రలో ఆవర్తన పట్టికను ముందు పట్టుకొని నడచిరని చెప్పుదురు. 1955లో సృష్టింపబడిన 101వ మూలకమునకు మెండలీవియమని పేరిడిరి.

ఇక మన ఊరి మాట. 1978లో కియోనిక్స్ సంస్థ హోసూరు రోడ్డు ప్రక్కన ఎలక్ట్రానిక్ సిటీకి పునాది వేసెను. మీలో పెక్కుమంది తలిదండ్రులు ఇచ్చటి కార్యాలయములలోను, కట్టడపు పనులలోను, అంగళ్లలోను శ్రమించుచున్నారు. ఈ నగరమునకు పేరు తెచ్చిన యంత్రములలో సిలికాన్ తునుకలు కలవు. 1947లో పుట్టిన మొదటి ట్రాన్సిస్టరు జెర్మేనియముతో, అనగా మెండలీఫ్ చెప్పిన ఏక-సిలికానుతో చేయబడెను. మీ ఇంట వెలుగు ఎల్‌ఈడీ దీపమున గాలియము, అనగా ఏక-అల్యూమినియము, కలదు. తల్లి నడిపిన గాజు కొలిమిలో ఇసుక కరగుట చూచిన బాలుడు, ఒకనాడు ఖాళీగా విడిచిన గడులనుండి ఈ వెలుగు వచ్చినది.

విద్యార్థులారా! పరీక్షలో తెలియని ప్రశ్నకు ఏదో యొకటి వ్రాసి గడి నింపుట అలవాటు. తెలియని చోట గడిని ఖాళీగ ఉంచి, దాని చుట్టు తెలిసినదానిని సక్రమముగ పేర్చుకొనుడు. అప్పుడు ఏది తెలియలేదో స్పష్టమగును, దానిని వెదకుటకు దారియు తోచును. తలిదండ్రులారా! ఇంటి భాషలో చదివిన బిడ్డకు శాస్త్రము అందునా యని మీలో కొందరు నన్ను అడుగుచుందురు. పై చదువులకు ఆంగ్లము నేర్వవలసినదే, ఇచ్చటివారితో మెలగుటకు కన్నడము నేర్వవలసినదే. కాని ఆవర్తన నియమము పుట్టినది ఒక ఉపాధ్యాయుడు తన విద్యార్థులకై వారి భాషలో వ్రాయుచుండిన పాఠ్యపుస్తకమున. రెండువేల కిలోమీటర్లు బండిపై కొడుకును తెచ్చిన ఆ తల్లికి రసాయనశాస్త్రము తెలియదు. కొడుకునకు తరగతిలో ఒక చోటు కావలెనని మాత్రము ఆమెకు తెలియును.